రైజోబియం పట్టించిన మేత పంటకు యూరియా మానేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పశువుల మేతకు లూసర్న్ వేస్తున్నారు, పక్కనే కొంత అలసంద కూడా. యూరియా మానేసి విత్తనానికి రైజోబియం కల్చర్ (పప్పుజాతి మొక్కల వేర్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే బ్యాక్టీరియా కలిపిన నల్ల పొడి) పట్టిస్తే చాలా అన్నది ప్రశ్న. పోయినసారి కల్చర్ పట్టించినా మూడు వారాలకే లూసర్న్ పసుపు రంగుకు తిరిగిందనీ, టెన్షన్ పడి యూరియా చల్లామనీ, అసలు కల్చర్ పని చేస్తుందా అన్న అనుమానం వచ్చిందనీ రాశారు.

సూటిగా చెబుతాను. లూసర్న్‌కు తగిన బ్యాక్టీరియా ప్రాణంతో విత్తనానికి అంటుకుంటే, నత్రజని ఎరువు నిక్షేపంగా మానేయొచ్చు. అయితే మానేసేది నత్రజని ఒక్కటే. భాస్వరం, పొటాష్, గంధకం ఈ బ్యాక్టీరియా గాలిలోంచి తేలేదు. వాటి లెక్క మీరు చూసుకోవాల్సిందే. మూడు వారాలకు కనిపించిన పసుపు చాలావరకు మామూలు విషయం. దానికి మీరు చేసిన వైద్యమే కల్చర్‌కు అడ్డం పడి ఉంటుంది.

అదెలాగో ముందు చూద్దాం. లూసర్న్ విత్తనం బరువు సుమారు 2 మిల్లీగ్రాములు. అందులో దాచుకున్న నత్రజని మొలక లేచి నాలుగు ఆకులు వేసేసరికి అయిపోతుంది. ఈలోగా వేరు దగ్గర బ్యాక్టీరియా చేరాలి, వేరు నూగు గుండా లోపలికి దూరాలి, బుడిపె తయారవాలి, ఆ బుడిపె నత్రజని పట్టడం మొదలుపెట్టాలి. ఇదంతా జరగడానికి మొలిచాక మూడు నాలుగు వారాలు పడుతుంది. చలి ఉంటే ఇంకా ఆలస్యం. విత్తనంలో దాచుకున్నది అయిపోయి, బుడిపె పని అందుకోని ఆ పది పదిహేను రోజులు మొక్క ఆకలితో ఉంటుంది, లేత పసుపుగా కనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే మీరు యూరియా చల్లారు.

గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడం మొక్కకు బాగా ఖర్చుతో కూడిన పని. ఆకులు తయారుచేసిన చక్కెరలో పెద్ద వాటా బుడిపెల్లోని బ్యాక్టీరియాకు పోతుంది. నేలలో నైట్రేట్ (వేర్లు నేరుగా పీల్చుకోగల నత్రజని) రెడీగా దొరికితే మొక్క ఆ ఖర్చు పెట్టదు. కొత్త బుడిపెలు రానివ్వదు, ఉన్నవాటికి చక్కెర తగ్గిస్తుంది. యూరియా వేయగానే ఆకు పచ్చబడుతుంది, మందు పనిచేసిందని మనకు అనిపిస్తుంది, కింద వేర్ల దగ్గర మాత్రం అసలు పని ఆగిపోతుంది. ఆ యూరియా అయిపోగానే మళ్లీ పసుపు, మళ్లీ యూరియా. కల్చర్ ప్యాకెట్ కొన్న తర్వాత కూడా ఏళ్ల తరబడి యూరియా మీదే లూసర్న్ పెంచేవాళ్లున్నారంటే కారణం ఇదే. ఇసుక నేలల్లో, సేంద్రియ పదార్థం బొత్తిగా లేని చోట హెక్టారుకు 20 కిలోల లోపు నత్రజని విత్తేటప్పుడు వేయమంటారు. అంతకు మించి వద్దు.

బ్యాక్టీరియా లేకపోతే పప్పుజాతి మొక్కకూ గడ్డిజాతి మొక్కకూ తేడా లేదు. హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1888లో దీన్నే రుజువు చేశారు. నత్రజని లేని, సూక్ష్మజీవులను చంపేసిన ఇసుకలో బఠాణీ మొక్క ఓట్స్ లాగే ఆకలితో గిడసబారిపోయింది. అదే ఇసుకలో కాస్త మట్టి కలిపిన నీళ్లు పోస్తే బఠాణీ కోలుకుంది, ఓట్స్ కోలుకోలేదు. అదే ఏడాది డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ బుడిపెల్లోంచి ఆ బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. కొద్ది సంవత్సరాలకే కల్చర్ అమ్మకాలు కూడా మొదలయ్యాయి. కాబట్టి ఇది కొత్తగా వచ్చిన మాయ మందు కాదు, నూరేళ్లకు పైగా పరీక్షకు నిలబడిన పద్ధతి. విఫలమైన చోట కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: తప్పు రకం, చచ్చిన కల్చర్, లేదా నేల సహకరించకపోవడం.

రకం సంగతి. రైజోబియం అని ప్యాకెట్ మీద ఉంటే చాలదు, ఏ పంటకో రాసి ఉండాలి. లూసర్న్‌కు పనిచేసేది సైనోరైజోబియం మెలిలోటి. మెంతి, మెలిలోటస్ అనే మేత మొక్క కూడా ఇదే గుంపు. బర్సీమ్, దాని జాతి మేతలైన ఇతర క్లోవర్లకు వేరే గుంపు. చూడటానికి లూసర్న్, బర్సీమ్ దగ్గర చుట్టాల్లా ఉన్నా ఒకదాని బ్యాక్టీరియా రెండోదానికి బుడిపెలు కట్టదు. సోయాబీన్ ప్యాకెట్ లూసర్న్‌కు పట్టిస్తే కేవలం నల్ల పొడి పూసినట్టే. సుబాబుల్, దశరథ గడ్డి (పేరుకే గడ్డి, ఇదీ పప్పుజాతే) అయితే మరీ పట్టింపు ఎక్కువ ఉన్న మొక్కలు, వాటికోసం ఎంపిక చేసిన రకమే కావాలి. అజటోబాక్టర్, అజోస్పైరిల్లం కూడా జీవన ఎరువులే గానీ అవి బుడిపెలు కట్టేవి కావు, రైజోబియం బదులు వాటిని వాడకండి.

మీ అలసంద దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలసంద, వేరుశనగ, పెసర, జనుము లాంటివన్నీ ఒకే పెద్ద గుంపు బ్యాక్టీరియాతో కలిసిపోతాయి. ఉష్ణమండల నేలల్లో ఆ బ్యాక్టీరియా ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. అందుకే అలసందకు కల్చర్ పట్టించినా పట్టించకపోయినా పెద్ద తేడా కనిపించని పొలాలే ఎక్కువ. ఆ గుంపు పంటలు వేసే పొలమైతే అలసంద కల్చర్ మీద ఎక్కువ శ్రమ పెట్టొద్దనే నా సలహా. వేరుశనగ పండిన చేలో అలసంద వేస్తూ కల్చర్ దొరకలేదని విత్తడం వాయిదా వేసుకోవడం అనవసరం. మీ శ్రద్ధంతా లూసర్న్ మీద పెట్టండి. మీ పొలంలో ఇంతకుముందు లూసర్న్ గానీ మెంతి గానీ లేకపోతే దాని బ్యాక్టీరియా నేలలో ఉండే అవకాశం చాలా తక్కువ.

ఇక ప్రాణం సంగతి. ఇక్కడే నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. లూసర్న్ లాంటి చిన్న విత్తనానికి ఒక్కో గింజ మీద కనీసం 1000 బతికున్న కణాలు ఉండాలని ప్రమాణం. కిలో లూసర్న్‌లో సుమారు 5 లక్షల గింజలుంటాయి, అంటే 10 కిలోలకు 50 లక్షలు. గ్రాముకు 10 కోట్ల కణాలున్న మంచి కల్చర్ 200 గ్రాముల ప్యాకెట్ తీసుకుంటే మొత్తం 2000 కోట్ల కణాలు. పంచితే గింజకు 4000. బాగానే ఉంది కదా. ఇప్పుడు అదే ప్యాకెట్ ఎండలో ఆగిన వాహనంలో ఒక మధ్యాహ్నం ఉండి, గ్రాముకు 10 లక్షలకు పడిపోయిందనుకోండి. గింజకు 40 వస్తాయి. పొడి అంతే నల్లగా ఉంటుంది, వాసన అంతే ఉంటుంది, చూసి కనిపెట్టడం ఎవరివల్లా కాదు. పైగా ఆ 40లో కూడా విత్తాక వేడి మట్టిలో ఎన్నో పోతాయి.

అందుకని ప్యాకెట్ కొనేటప్పుడు గడువు తేదీతోపాటు దాన్ని ఎక్కడ పెట్టారో చూడండి. ఎండ తగిలే అద్దాల దగ్గర, ఎరువుల బస్తాల మీద, పురుగుమందుల పక్కన ఉంటే తీసుకోవద్దు. తెచ్చాక చల్లటి చోట పెట్టాలి. ఫ్రిజ్‌లో కింది అర మంచిది, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. 40 డిగ్రీల వేడికి గంటల్లోనే కణాలు చావడం మొదలవుతుంది. విత్తడానికి చాలా ముందుగా కొని దాచుకోవడంలో లాభం లేదు. ముందే బ్యాక్టీరియా పూత వేసి అమ్మే రంగు విత్తనాలకూ ఇదే సూత్రం. పూత వేసిన తేదీ నుంచి రోజులు గడిచేకొద్దీ అందులో బతికున్నవి తగ్గుతూనే ఉంటాయి. తేదీ పాతదైతే పూత ఉన్నా మళ్లీ కల్చర్ పట్టించడమే మేలు. పూత బరువు వల్ల కిలోకు వచ్చే గింజలు కూడా తగ్గుతాయి, విత్తన మోతాదు లెక్కలో అది చూసుకోండి.

పట్టించే విధానం. 10 కిలోల లూసర్న్‌కు అర లీటరు నీళ్లలో 50 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా ఆగండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వాడకండి, బావి నీళ్లో బోరు నీళ్లో మేలు. చల్లారిన పాకంలో 200 గ్రాముల కల్చర్ కలిపి పలుచటి జావలా చేసుకోండి. నీడలో శుభ్రమైన పట్టా మీద విత్తనం పోసి, జావ కొద్దికొద్దిగా చల్లుతూ చేతులతో మెల్లగా కలపండి. ఒకేసారి కుమ్మరిస్తే కొన్ని గింజలు ముద్దకట్టి, కొన్ని పొడిగా మిగిలిపోతాయి. గుప్పెడు తీసి చూడండి, ప్రతి గింజా నల్లగా మెరవాలి, అరచేతికి నీళ్లు కారకూడదు. జావ మిగిలితే మిగలనివ్వండి, అంతా వాడాలని విత్తనం నానబెట్టకండి. లూసర్న్ విత్తనం తడిస్తే ఉబ్బి, ఆరేటప్పుడు పొట్టు పగులుతుంది.

నీడలో అరగంట, గంట ఆరితే గింజలు విడివిడిగా జారతాయి. ఎండలో ఆరబెట్టొద్దు. అదే రోజు విత్తండి, వీలుకాకపోతే మర్నాటి లోపు. నా మట్టుకు సాయంత్రం విత్తడం ఇష్టం. రాత్రంతా చల్లగా ఉంటుంది, నేలలో పదును ఉంటే బ్యాక్టీరియా గింజ చుట్టూ మట్టిలో స్థిరపడుతుంది. విత్తిన వెంటనే పైన సన్నటి మట్టి కప్పాలి, లూసర్న్‌కు ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు చాలు. పొడి దుక్కిలో చల్లి వానకోసం ఎదురుచూడటం ఈ పంటకు అస్సలు పనికిరాదు. గింజ వారం రోజులు ఎండిన మట్టిలో బతికి ఉంటుంది, దాని మీదున్న బ్యాక్టీరియా ఉండదు.

మందుల వరుస గురించి తప్పక చెప్పాలి. శిలీంద్రనాశిని ముందు, కీటకనాశిని తర్వాత, రైజోబియం చివర. మూడూ ఒకే గిన్నెలో కలిపేస్తే చివరికి మిగిలేది రంగు మాత్రమే. రాగి మందులూ కాప్టాన్ లాంటివీ బ్యాక్టీరియాను బాగా దెబ్బతీస్తాయి. కుళ్లు తెగుళ్ల భయం ఉండి విత్తనానికి శిలీంద్రనాశిని తప్పదనుకుంటే కల్చర్‌ను విత్తనానికి పట్టించకుండా, మెత్తగా జల్లించిన చివికిన పశువుల ఎరువులో కలిపి సాళ్లలో విత్తనం కింద పడేలా వేయండి. అప్పుడు కల్చర్ ఎక్కువ కావాలి, రెండు మూడు ప్యాకెట్లు. సూపర్ ఫాస్ఫేట్‌నూ కల్చర్ పట్టించిన విత్తనాన్నీ ఒకే గొర్రు పెట్టెలో కలపొద్దు. ఆ ఎరువులోని పులుపు (ఆమ్ల గుణం) బ్యాక్టీరియాను చంపుతుంది. ఎరువు ముందే దుక్కిలో వేసేయండి.

మేత పంటల్లో మరికొన్నిటికి విత్తనానికే ముందస్తు పని ఉంటుంది. సుబాబుల్, స్టైలో, దశరథ గడ్డి గింజల పొట్టు గట్టిది, వేడి నీళ్లలో వేసి తీస్తేనే బాగా మొలుస్తాయి. బర్సీమ్‌లో కలిసిన కాసిని (చికోరీ) అనే కలుపు మొక్క విత్తనాలను ఉప్పు నీళ్లలో తేల్చి తీసేస్తారు. ఇవన్నీ ముందు పూర్తిచేసి, ఉప్పు పోయేదాకా కడిగి, విత్తనం చల్లారి ఆరాకే కల్చర్.

నేల విషయానికొస్తే లూసర్న్ బ్యాక్టీరియాకు పులుపు నేల పడదు. ఉదజని సూచిక (pH) 6 కంటే తక్కువుంటే అది చాలావరకు వేరు దాకా చేరకముందే చస్తుంది. పైగా గాలి నత్రజనిని పట్టే ఎంజైమ్‌కు మాలిబ్డినం, ఇనుము కావాలి. పులుపు నేలలో మాలిబ్డినం మొక్కకు అందదు. అలాంటి నేలకు విత్తడానికి చాలా ముందే సున్నం వేసి సరిచేయాలి. విత్తనానికి జావ పట్టించాక మెత్తటి సున్నపురాయి పొడి పూయడం కూడా ఉపయోగమే. కానీ అది సున్నపురాయి పొడే అయి ఉండాలి, గోడలకు కొట్టే సున్నం పూస్తే ఘాటుకు బ్యాక్టీరియా మాడిపోతుంది. అలసంద, స్టైలోలకు ఈ పూత అవసరం లేదు, వాటి బ్యాక్టీరియా పులుపును బాగానే తట్టుకుంటుంది. నీరు నిలిచే నేలలో బుడిపెలకు గాలి అందదు, కాబట్టి ముందు నీళ్లు పోయే దారి చూడండి. నెలల తరబడి నీళ్లలో ఉన్న వరి మడిలో మేత వేస్తుంటే, ఒకప్పుడు అక్కడ బర్సీమో లూసర్నో వేసి ఉన్నా కల్చర్ మళ్లీ పట్టించడమే మంచిది.

కల్చర్ దొరక్కపోతే లూసర్న్ బాగా పండిన పొలం మట్టి తెచ్చి చల్లడం పాత పద్ధతి. పనిచేస్తుంది. కానీ మట్టితోపాటు వేరుకుళ్లు, కలుపు, ముఖ్యంగా లూసర్న్‌ను చుట్టుకుని పీల్చేసే బంగారు తీగ గింజలు వస్తాయి. ఆ తీగ ఒకసారి పొలంలోకి వచ్చిందంటే వదిలించుకోవడం మహా కష్టం. నేనైతే ఆ దారి పట్టను.

ఇప్పుడు అసలు పరీక్ష. మొలిచిన ఐదారు వారాలకు పొలంలో వేర్వేరు చోట్ల పది మొక్కలు తీయండి. చేత్తో పీకొద్దు, పీకితే సన్నటి వేర్లూ వాటి మీది బుడిపెలూ మట్టిలోనే ఉండిపోతాయి, బుడిపెలు లేవని తప్పుగా అనుకుంటారు. పారతో జానెడు లోతు మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో కాసేపు నాననిచ్చి, మట్టి దానంతటదే జారేలా కడగండి. లూసర్న్ బుడిపెలు చిన్నవి, సన్నటి వేళ్లలా కోలగా ఉంటాయి, కొన్నిచోట్ల కొమ్మలు వేసి గుత్తిగా కనిపిస్తాయి. అలసందకు గుండ్రటి పూసల్లా ఉంటాయి. ఒకటి తీసి గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే నత్రజని తయారవుతున్నట్టే. మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థమే ఆ రంగుకు కారణం, బుడిపె లోపల ఆక్సిజన్‌ను అదుపులో ఉంచేది అదే. తెల్లగా ఉంటే ఇంకా లేతవి, లేదా పనిచేయని రకం. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే పని అయిపోయి ముసలివైనవి.

బుడిపెలు ఎక్కడున్నాయో కూడా చూడండి. తల్లివేరు పైభాగంలో, గింజ పడ్డ చోటుకు దగ్గరగా ఉంటే చాలావరకు మీరు పట్టించిన కల్చర్‌వే. దూరంగా పక్కవేర్ల మీద అక్కడక్కడా మాత్రమే ఉంటే అవి నేలలోని పాత బ్యాక్టీరియావి అయ్యుండొచ్చు. వేరే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది: నులిపురుగుల కాయలను బుడిపెలనుకుంటారు. బుడిపె వేరుకు పక్కన అతుక్కుని ఉంటుంది, వేలితో రుద్దితే ఊడి వస్తుంది. నులిపురుగు సోకితే వేరే ఉబ్బుతుంది, రుద్దితే ఊడదు.

ఐదారు వారాలకు గులాబీ బుడిపెలు ఉండి కూడా ఆకు పాలిపోతే కారణం నత్రజని కాదు, గంధకం, నీటి ముంపు, వేరుకుళ్లు ఇలాంటివి వెతకండి. బుడిపెలే లేకపోతే, నీటి వసతి ఉంటే కల్చర్ నీళ్లలో కలిపి సాయంత్రం పూట మొక్కల మొదళ్లకు పారించి చూడొచ్చు. అన్నిసార్లూ ఫలించదు. అది కుదరకపోతే ఈ పంటకు నత్రజని ఎరువే ఇచ్చి, వచ్చేసారి మొదటి నుంచి సరిచేసుకోవాలి. వయసొచ్చిన లూసర్న్‌లో ప్రతి కోత తర్వాత బుడిపెల పని ఒక్కసారిగా పడిపోతుంది, ఆకు లేదు కాబట్టి చక్కెర రాదు. కొత్త చిగుళ్లు వచ్చాక అదే కోలుకుంటుంది. ఆ మధ్యలో యూరియా వేయొద్దు.

మీ పొలానికి కల్చర్ అవసరమా లేదా తేల్చుకోవాలంటే మూడు చాళ్లు వేసి చూడండి: కల్చర్ లేనిది, కల్చర్ పట్టించినది, కల్చర్ లేకుండా యూరియా వేసినది. చేతులకూ గొర్రుకూ అంటుకోకుండా కల్చర్ లేని రెండు చాళ్లూ ముందు విత్తాలి. మూడూ ఒకేలా పెరిగితే నేలలో ఉన్న బ్యాక్టీరియా, నత్రజని సరిపోతున్నాయి. కల్చర్ పట్టించిన సాలు యూరియా వేసిన సాలుతో సమానంగా ఉండి, ఏమీ వేయనిది వెనకబడితే కల్చర్ పనిచేసినట్టు. యూరియా వేసిన సాలు ఒక్కటే పచ్చగా ఉంటే కల్చర్ విఫలమైంది.

లాభం ఎంత అని లెక్క వేస్తే, పప్పుజాతి మేతలు టన్ను ఎండు మేతకు సుమారు 20 నుంచి 25 కిలోల నత్రజని గాలి నుంచి పడతాయి. ఏడాదికి 10 టన్నుల ఎండు మేత ఇచ్చే లూసర్న్ హెక్టారుకు 200 కిలోలకు పైగా తెస్తుంది. కానీ ఆ నత్రజని ఎక్కువ భాగం కోసిన మేతతోపాటు పొలం దాటి పోతుంది. దానితో టన్నుకు 20 కిలోలకు పైగా పొటాష్, రెండు మూడు కిలోల భాస్వరం కూడా పోతాయి. మేత వేస్తే నేల దానంతటదే బలపడుతుందన్న మాట, కోసి బయటికి మోసే పొలానికి సగమే నిజం. పశువుల ఎరువు తిరిగి అదే పొలానికి చేర్చండి, భాస్వరం, పొటాష్ భూసార పరీక్ష చూసి వేయండి. భాస్వరం తక్కువైతే బుడిపెలూ తగ్గుతాయి.

జొన్న, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి మేతలో అలసంద కలిపి వేస్తే అలసంద పక్క మొక్కకు నత్రజని పోస్తుందని ఆశ పెట్టుకోకండి. నేలలో ఉన్నది జొన్నకు వదిలేసి తనది తాను గాలిలోంచి తెచ్చుకుంటుంది, అంతవరకే. రాలిన ఆకులు, వేర్లు చివికాకే మిగతాది అందుతుంది. ఆ మిశ్రమానికి నత్రజని ఎక్కువిస్తే జొన్న పెరిగి అలసందను కమ్మేస్తుంది.

మీ లూసర్న్ ఈసారి బాగా బుడిపెలు కడితే, అదే పొలంలో మూడు నాలుగేళ్ల లోపు మళ్లీ వేసేటప్పుడు కల్చర్ తప్పనిసరి కాదు. మధ్యలో వరి వచ్చినా, నేల పులుపెక్కినా మాత్రం మళ్లీ పట్టించండి.